తనిఖీ రోజు ఆసుపత్రిలో రోగి ఉండకూడదు

పల్లె ఆసుపత్రులకు కొత్తగా వేసిన కుర్రడాక్టర్లు అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తుంటారు. "సార్, ఆ రోజుల్లో ఎలా ఉండేది?" అని అడుగుతారు. అడిగేటప్పుడే వాళ్ళకు కావలసిన జవాబు ముఖంలో కనిపిస్తుంటుంది. ఆ రోజుల్లో క్రమశిక్షణ ఉండేదనీ, తెల్లదొరల కాలంలో అయితే ఆసుపత్రులు అద్దాల్లా మెరిసేవనీ, ఇప్పుడే అంతా చెడిపోయిందనీ నా నోట వినాలని వాళ్ళ కోరిక. ఆ కోరిక తీర్చడం నా వల్ల కాదు. డెబ్బై, ఎనభై దశకాల్లో నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య పల్లెల్లో నేను చూసింది వేరు. ఏ ఏడు ఎక్కడికి మారాను, ఎప్పుడు జీతం పెరిగింది అనే సంగతులు రాయను. అవి పెన్షన్ కాగితాల్లో ఉన్నాయి, ఎవరూ చదవదగ్గవి కావు. ఆసుపత్రిని పై అధికారి చూడడానికి వస్తే మనం ఏం చేస్తాం, అది ఎక్కడ నేర్చుకున్నాం అన్నదే రాస్తాను.

మా తాత కట్టించిన ఆసుపత్రి

నేను ఎక్కువ కాలం పనిచేసిన ఆసుపత్రిని కట్టించింది మా తాత. స్థలం మాది, రాయి మాది, దూలాలు మా తోటలోవి. గుమ్మం పక్కన నాపరాయి పలక మీద ఆయన పేరు చెక్కి ఉండేది. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ ఊళ్ళో మా ఇంటి గుర్తుగా మిగిలింది ఆ పలక ఒక్కటే. భూములు కొన్ని కోర్టుల్లో పోయాయి, కొన్ని చట్టాల్లో పోయాయి, కొన్ని మా చిన్నాయనల పేకాటలో పోయాయి. దాత మనవడు అదే ఆసుపత్రికి జీతగాడై వచ్చాడని కొందరు నవ్వుకున్నారు. నవ్వుకోనిచ్చాను. ముసలివాళ్ళు మాత్రం నన్ను చిన్నదొర అనే పిలిచేవారు. వద్దని నేనెప్పుడూ అనలేదు.

తాత ఆ ఆసుపత్రిని మంచి మనసుతోనే కట్టించాడు. అబద్ధం మాత్రం ఆయనే మొదలుపెట్టాడు. ఏటా చలికాలంలో తెల్ల సర్జను గుర్రం మీద తనిఖీకి వచ్చేవాడట. మా మామిడితోటలో గుడారం, పాలు, కోళ్ళు, గుర్రానికి ఉలవలు, అన్నీ మా ఇంటి నుంచే. ఆ దొర ఆసుపత్రిలో మొదట చూసేది గోడలు. తెల్లని చేతిగుడ్డ వేలికి చుట్టుకుని కిటికీ చెక్క మీద రుద్దేవాడు. గుడ్డకు మన్ను అంటకపోతే తల ఊపేవాడు. తర్వాత కాలువలు, దీపం చిమ్నీలు, ఇత్తడి పాత్రలు. రోగి దగ్గర ఆగేది ఆఖరున, అదీ మంచం కాళ్ళ దగ్గర.

దొర వచ్చే ముందురోజు అసలు రోగులందరినీ మా పశువుల కొట్టం వెనక్కు తరలించేవారు. మంచాల మీద మా సేద్యగాళ్ళు పడుకునేవాళ్ళు. ఒళ్ళు కడుక్కుని, ఉతికిన దుప్పటి కప్పుకుని, దొర వస్తే దండం పెట్టాలి. ఇదెందుకని చిన్నప్పుడు నేను తాతను అడిగాను. ఆయనకు నా ప్రశ్నే అర్థం కాలేదు.

"దొర ముందర దగ్గే నా కొడుకును పండబెట్టుకుంటామేందిరా?" అన్నాడు.

తెల్లవాళ్ళ కాలపు ఆసుపత్రులు అద్దాల్లా ఉండేవని మీకు చెప్పేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే మెరిసేవి. రోగుల్ని కొట్టం వెనక పడుకోబెడితే ఏ ఆసుపత్రి అయినా మెరుస్తుంది.

వాళ్ళు పోయారు, గుడ్డ పోలేదు

నేను చేరేనాటికి దొరలు పోయి చాలా కాలమైంది. గుర్రం బదులు జీపు వచ్చింది, ఉలవల బదులు పెట్రోలు. తక్కినదంతా అలాగే ఉంది. అధికారి వస్తున్నాడని కబురు అందగానే సున్నం, గోడల అడుగున ఎర్రమన్ను పూసిన జాజుపట్టీ, దారికి రెండు పక్కలా బ్లీచింగ్ గీతలు, బడి నుంచి అరువు తెచ్చిన పూలకుండీలు. ఎర్ర రగ్గులు మడతపెట్టి ప్రతి మంచం కాళ్ళ దగ్గర ఒకే కొలతలో ఉంచాలి. కప్పుకోవడానికి కాదు. చలికి వణికే మనిషికి ఆ రగ్గు కప్పితే కాంపౌండరు బాషా ముఖం మాడిపోయేది.

మహబూబ్ బాషా చెడ్డవాడు కాదు. అతని తండ్రి కూడా అక్కడే కాంపౌండరు. తనిఖీ అంటే ఎలా ఉండాలో ఇంట్లోనే నేర్చుకున్నాడు. దొంగ రోగుల్ని సిద్ధం చేసేది అతనే. వాళ్ళలో చిన్న హుసేని అని ఒక ముసలాయన ఉండేవాడు, ఉక్కులాంటి మనిషి. ప్రతి తనిఖీకీ అదే మంచం మీద పడుకునేవాడు. ఒకసారి అధికారి ఆగి, "ఏం జబ్బు తాతా?" అని అడిగాడు.

"పోయినసారి ఏం చెప్పినానో అదే సార్," అన్నాడు హుసేని.

అధికారి సంతోషించి, దీర్ఘరోగుల్ని ఓపికగా చూస్తున్నామని మెచ్చుకుని పోయాడు. ఇలాంటి మెప్పు కోసం మనుషులు ముప్పై ఏళ్ళ సర్వీసు చేస్తారు.

నా మొత్తం ఉద్యోగంలో తనిఖీ అనదగ్గ తనిఖీ చేసినవాడు ఒకే ఒకాయన. కబురు పెట్టకుండా బస్సులో వచ్చాడు. వరండాలో రోగుల మధ్య కూర్చుని, పొద్దున్నుంచి ఏం తిన్నారని అడిగాడు. ఎవరో పెద్దమనిషి సిఫారసుతో వచ్చాడనుకుని బాషా ఆయన్ను వరసలో నిలబడమన్నాడు. ఆయన నిలబడ్డాడు. అలాంటివాళ్ళను శాఖ ఎక్కువ రోజులు ఉంచుకోదు. ఆయన్నూ ఉంచుకోలేదు.

ఓబులేసు

డెబ్బయ్యో దశకం చివర్లో మా ఊళ్ళో గుడికి ద్వారపాలకుల విగ్రహాలు చెక్కడానికి ఆళ్లగడ్డ నుంచి ఓబులేసు అనే శిల్పి వచ్చి, భార్యతో గుడిసె వేసుకుని ఉన్నాడు. ఒకరోజు ఉలి జారి పాదంలో దిగింది. పేడబూడిద పెట్టి గుడ్డ కట్టుకుని పని చేసుకున్నాడు. పుండు మానుతున్నట్టే కనిపించింది. కొన్నాళ్ళకు భార్య లక్షుమ్మ అతన్ని ఆసుపత్రికి తీసుకొచ్చింది, పాదం కోసం కాదు.

"పంటినొప్పి సామీ. నోరు తెరవడంలా. సంగటి ముద్ద పోవడంలా," అంది.

అతను నవ్వుతున్నట్టు కనిపించాడు. అది నవ్వు కాదు. దవడలు బిగుసుకుని ముఖం అలా లాగేసింది. మెడ కట్టె అయింది, వీపు కింద చెయ్యి దూరుతోంది. ధనుర్వాతం. పుస్తకంలో చదివినవాడికి పేరు మాత్రమే తెలుస్తుంది. ఒక్క చప్పుడు చాలు, ఒక్క వెలుగు చాలు, మనిషి విల్లులా వంగి ఊపిరి ఆగిపోతుంది. ఆ సమయంలో అతనికి స్పృహ మాత్రం పోదు, అన్నీ తెలుస్తుంటాయి. కర్నూలుకు పంపుదామంటే ఆ రోడ్ల మీద బస్సు కుదుపులకే పోతాడు. ఇక్కడే ఉంచాలి, చీకట్లో ఉంచాలి, చప్పుడు లేకుండా ఉంచాలి. కొన్ని వారాల పాటు. అది జరిగితే బతకవచ్చు.

ఆసుపత్రిలో తలుపు గట్టిగా మూసుకునే గది ఒక్కటే, ఆపరేషన్ గది. దాన్లో ఎవరూ ఏనాడూ ఆపరేషన్ చేయలేదు. కరెంటు సరిగా లేదు, మత్తు ఇచ్చేవాడు లేడు. అయినా అది ఆసుపత్రికి దేవుడి గదిలాంటిది. అద్దాల బీరువాలో నూనె రాసిన కత్తులు, కత్తెరలు వరసగా మెరుస్తూ ఉండేవి. ప్రతి అధికారికీ మొదట చూపేది అదే. ఓబులేసు పుండు విప్పి కడగడానికి ఆ బీరువాలోంచి ఒక పట్టకారు, కత్తి తీయమన్నాను.

బాషా కదల్లేదు. "అవి ఇన్‌స్పెక్షన్‌వి సార్," అన్నాడు.

తాళంచెవి నేనే లాక్కున్నాను. ఆ కత్తితో అంతకుముందు ఎవరూ ఏదీ కోయలేదు. అందుకే పదును బాగుంది.

నర్సు ఎస్తేరమ్మ, చాలా అనుభవం ఉన్న మనిషి, ఒక్క మాట అడగకుండా ఎర్ర రగ్గులన్నీ తెచ్చి కిటికీలకు మేకులు కొట్టింది. మేకులు కొట్టాకే ఓబులేసును లోపలికి తెమ్మంది. నేను ఆమెకు అది చెప్పవలసిన పని లేకపోయింది. విరుగుడు మందు కోసం బాషా గొణుక్కుంటూనే నంద్యాల బస్సెక్కి, గొణుక్కుంటూనే తెచ్చాడు. ముక్కులో గొట్టం వేసి పాలు, గంజి పోశాం. గది దగ్గర అందరూ చెప్పులు విప్పి నడిచారు. లక్షుమ్మ గాజులు తీసి కొంగున ముడేసుకుంది. చావు గుర్తుకొచ్చి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అరిచారట. "ఆ గాజులు గలగలమంటే ఆయన ఇంకోసారి వంకర పోతాడు, మీరు పోండే," అని పంపేసింది.

ఇంకా వంకర్లు వస్తూనే ఉన్నాయి. ఆ స్థితిలో తనిఖీ కబురు వచ్చింది.

"ఒక్క పూటే కదా సార్"

జిల్లా వైద్యాధికారి కొత్తగా వచ్చాడు, కోస్తా మనిషి. ఆసుపత్రులన్నీ పాతకాలపు ప్రమాణానికి తేవాలని ఆయన పట్టుదల అని విన్నాం. ఆ ప్రమాణం ఏమిటో నాకు మా తాత చెప్పే ఉన్నాడు.

బాషా చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "సార్, ఆ గది సూపియ్యకుంటే ఇంకేం సూపిస్తాం? ఒక్క పూటే కదా. సత్రంలో పండబెడదాం. జీపు పోతానే మళ్ళా తెచ్చుకుందాం."

"కదిలిస్తే చస్తాడు బాషా."

"మెల్లగా ఎత్తుతాం సార్. మా నాయన కాలంలో ఎంతమందిని మోసినారు!"

"వాళ్ళలో ఎంతమంది తిరిగొచ్చారు?"

ఆ సంగతి అతనెన్నడూ ఆలోచించినట్టు లేదు. మా తాత కూడా ఆలోచించి ఉండడు.

తలుపు సందులో లక్షుమ్మ నిలబడి ఉంది. అంతా విన్నది. గొంతు పెంచకూడదని తెలిసి, గుసగుసగానే అడిగింది. "యాడికి తీస్కపోతారు సామీ?"

"యాడికీ తీస్కపోరు," అన్నాను, అందరూ వినేట్టు.

ఆ మాట ఆమె రాసిచ్చిన పత్రంలా దాచుకుందని నాకు తెలుసు. మా ఇంట్లో భూములు నిలబడలేదు. మాట నిలబడకుండా పోవడం నేనొప్పుకోను.

తనిఖీ రోజు పొద్దున సమితి ప్రెసిడెంటు పూలదండలతో, తప్పెట్లవాళ్ళతో, బుట్టెడు టపాకాయలతో గేటు దగ్గరికి వచ్చాడు. నేను ఎదురు వెళ్ళాను.

"ఏం చిన్నదొరా, అధికారి వస్తాంటే తప్పెట కొట్టకపోతే మనూరి మర్యాద యాడుంటాది?"

"లోపల మనిషి పోతే తప్పెట్లు ఎట్లాగూ కావాలప్పా. అంతవరకు ఆపుకోండి."

తప్పెట్లవాళ్ళే ముందు వెనక్కు తగ్గారు. ఓబులేసు వాళ్ళ గుడిసెల పక్కన ఉండేవాడు, సంగతి వాళ్ళకు తెలుసు. ప్రెసిడెంటు దండ పట్టుకుని ఒంటరిగా నిలబడ్డాడు. ఆ దండ తర్వాత జీపు డ్రైవరు మెళ్ళో పడింది. అధికారి దిగిన వేగం అలాంటిది.

చీకటి గదిలో

అధికారి బూట్లు చప్పుడు చేసుకుంటూ వచ్చాడు. జాజుపట్టీలు లేవు, కుండీలు లేవు, మంచాల మీద దగ్గే మనుషులున్నారు. ఆయన ముఖం ముడుచుకుంది. తిన్నగా ఆపరేషన్ గది వైపు నడిచాడు. నేను తలుపుకు అడ్డం నిలబడి, లోపల ధనుర్వాతం రోగి ఉన్నాడనీ, చూడాలంటే బూట్లు విప్పి, మాట్లాడకుండా రావాలనీ చెప్పాను.

"ఆపరేషన్ థియేటర్లో రోగా?" అన్నాడు. ఆ ప్రశ్నలోని తెలివిని మీరే కొలుచుకోండి.

"ఇంకెవరు ఉండాలి సార్?"

"కిటికీలు తెరిపించండి. శుభ్రత చూడాలి."

"తెరిస్తే మీరు శుభ్రత చూస్తారు, అతను చస్తాడు."

ఆయన నన్ను తల నుంచి పాదాల దాకా చూశాడు. "మీ సంగతి విన్నానులెండి. మీ తాతగారు కట్టించారని ఇది సొంత ఇల్లనుకుంటున్నారా?"

"సొంత ఇల్లయితే మిమ్మల్ని వాకిట్లోనే ఆపేవాణ్ణి," అన్నాను.

బాషా కళ్ళు మూసుకున్నాడు. అధికారి నన్ను భుజంతో తోసి తలుపు తీశాడు, బూట్లతోనే. వెలుగులోంచి చీకట్లోకి వచ్చిన మనిషికి ఏం కనిపిస్తుంది? రెండో అడుగులోనే నేల మీది పింగాణీ గిన్నెను తన్నాడు. అది గోడకు తగిలి గింగిర్లు తిరిగింది.

ఓబులేసు మంచం మీంచి లేచిపోయాడు. తల, మడమలు తప్ప ఏదీ పరుపుకు ఆనలేదు. పళ్ళ మధ్యలోంచి ఒక చప్పుడు వచ్చింది, అది రాయను. అధికారి అది చూసి "ఏమిటిది!" అని అరవబోయాడు. సగం మాటే వచ్చింది. లక్షుమ్మ ఒక్క దూకుతో వచ్చి అరచేతిని ఆయన నోటికి అడ్డంగా పెట్టి గోడకు నొక్కింది.

"నోరు ముయ్ సామీ," అంది గుసగుసగా. "సచ్చిపోతాడు."

ఆమె ఆయన భుజం దాకా రాదు. కానీ రాయి మోసిన చెయ్యి అది. ఎస్తేరమ్మ సూది ఇచ్చింది. నేను ఓబులేసు ఛాతీ చూస్తూ నిలబడ్డాను. అది కదలడం లేదు. గదిలో నలుగురం ఊపిరి బిగబట్టుకుని ఐదోవాడి ఊపిరి కోసం చూశాం. చివరకు ఛాతీ కొంచెం లేచింది. మళ్ళీ లేచింది. వీపు మెల్లగా పరుపు మీదికి దిగింది. అప్పుడు లక్షుమ్మ చెయ్యి తీసింది.

జిల్లా వైద్యాధికారి మునివేళ్ళ మీద నడిచి బయటికి వెళ్ళాడు. బూట్లతో అలా నడవడం కష్టం. తనిఖీ అంతటితో అయిపోయింది.

ఆ సాయంత్రం లక్షుమ్మకు భయం పట్టుకుంది. "ఆయప్ప నోరు మూసినందుకు నన్ను జైల్లో ఏస్తారా సామీ?"

నేను చెప్పేలోపే ఎస్తేరమ్మ అందుకుంది. "ఏమని రాస్తాడే? ఆడమనిషి నా నోరు మూసిందని రాస్తాడా?"

ఇద్దరూ నవ్వారు. నవ్వు చప్పుడు లోపలికి పోకూడదని కొంగులు నోట్లో కుక్కుకుని, వరండాలో కూలబడి నవ్వారు.

ఎస్తేరమ్మ అంచనా తప్పలేదు. వచ్చిన మెమోలో ఆ ముచ్చట లేదు. ప్రభుత్వ రగ్గులను కిటికీలకు కొట్టడం, ఆపరేషన్ గదిని దుర్వినియోగం చేయడం, పై అధికారి పట్ల మర్యాద లోపం, ఇవి ఉన్నాయి. రోగి బతికాడా అన్న ప్రశ్న దాన్లో ఎక్కడా లేదు. వెనకే కొలిమిగుండ్లకు బదిలీ, వెంటనే చార్జి అప్పగించమని.

ఉప్పు

నా చోటికి వేసిన కుర్రడాక్టరు పెట్టె పట్టుకుని దిగాడు. రోగి నడిచిన రోజు చార్జి ఇస్తానని చెప్పాను. భయస్థుడే కానీ బుద్ధిమంతుడు. సత్రంలో దిగి, రోజూ చెప్పులు విప్పి వచ్చి ఓబులేసును చూసి నేర్చుకున్నాడు. ఎందుకు రిలీవ్ కాలేదని జిల్లా నుంచి రెండుసార్లు తాఖీదు వచ్చింది. రోగి ఇంకా నడవలేదని రెండుసార్లూ ఒకే వాక్యం రాశాను. అంతకంటే పెద్ద వాక్యం వాళ్ళకు అక్కర్లేదు.

వంకర్లు తగ్గాయి. గొట్టం తీశాం. దవడ వేలు పట్టేంత తెరుచుకున్నాక ఎస్తేరమ్మ చెంచాతో గంజి పోసింది. అన్ని వారాల తర్వాత ఓబులేసు మాట్లాడిన మొదటి మాట, పళ్ళ సందుల్లోంచి: "ఉప్పు లేదు."

లక్షుమ్మ చెంబు అక్కడే పెట్టి బయటికి వెళ్ళి ఏడ్చింది. తిరిగొచ్చి, "నోరొచ్చిందో లేదో వంక పెడతాండాడు," అంది.

అతను బాషా వైపు కళ్ళు తిప్పాడు. "సత్రంలో ఏస్తామంటివే బాషన్నా. అన్నీ ఇంటాన్నా. నోరుంటే నీ తాతముత్తాతల్ని తిట్టేవాణ్ణి."

బాషా తల వంచుకున్నాడు. "తిట్టు ఓబులేసూ," అన్నాడు. "ఇప్పుడు తిట్టు."

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. మీరు మంచం కాళ్ళ దగ్గర నిలబడి మాట్లాడే ప్రతి మాటా పడుకున్నవాడు వింటున్నాడు. జవాబు చెప్పలేకపోవచ్చు. మీ గోడలు ఎవరైనా చూస్తారు. ఆ వినేవాడి పక్షాన ఆ గదిలో ఒక మనిషి ఉండాలి. అందుకే మీకు జీతం ఇస్తున్నారు. తక్కిన పనులకు సున్నం కొట్టేవాడు చాలు.

ఓబులేసు మొదట గోడ పట్టుకుని నడిచాడు, తర్వాత లక్షుమ్మ భుజం పట్టుకుని. ఒక పొద్దున ఏదీ పట్టుకోకుండా వరండా మెట్లు దిగాడు. గేటు బయట ఆళ్లగడ్డకు పోయే ఎద్దులబండి నిలబెట్టారు. బండి ఎక్కిస్తామని ఇద్దరు ముందుకొస్తే, "నాకేం కాళ్ళు లేవా?" అని కసిరి తనే ఎక్కాడు. లక్షుమ్మ కొంగు ముడి విప్పి గాజులు వేసుకుంది. ఎక్కేటప్పుడు అవి గలగలమన్నాయి. అలవాటు కొద్దీ మేమందరం ఓబులేసు వైపు చూశాం. అతను గడ్డిమోపుకు ఆనుకుని, బండివాణ్ణి బేగా తోలమంటున్నాడు.

బండి మలుపు తిరిగిందాకా నిలబడ్డాను. అప్పుడు లోపలికి వెళ్ళి కుర్రడాక్టరుకు చార్జి ఇచ్చాను.